సగం రోజు సెలవు పెట్టి లైబ్రరీకి వెళ్లి ఒట్టి చేతులతో వచ్చాను, మీరంతా ఎలా వాడుతున్నారు?

మలక్‌పేట లెక్కలు · శనివారం రాత్రి 10:40

అందరికీ నమస్కారం. నాకు 41 ఏళ్లు. మందుల హోల్‌సేల్ షాపులో అకౌంట్స్ చూస్తాను, ఇంట్లో ఇంటర్ చదివే అమ్మాయి ఉంది, నేను దూరవిద్యలో ఎంఏ సోషియాలజీ రెండో ఏడాది. యూనివర్సిటీ పేరు చెప్పను, చెబితే గొడవంతా దాని మీదికి పోతుంది. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్ల జీతాలు, సెలవులు అని ప్రాజెక్టు తీసుకున్నాను. మా అపార్ట్‌మెంట్లో పన్నెండు ఫ్లాట్లకి నలుగురు పనివాళ్లు, నలుగురికీ నాలుగు లెక్కలు. ఒకామెకి నెలకి రెండు సెలవులు, ఇంకొకామె రాకపోతే ఆ రోజు డబ్బు కోత, అదేంటని అడిగితే "అందరిళ్లల్లో ఇంతే కదమ్మా" అంటుంది. అక్కడ పుట్టింది ఈ ప్రాజెక్టు.

నిన్న సగం రోజు సెలవు పెట్టి, రెండు బస్సులు మారి మూడింటికి లైబ్రరీకి చేరాను. సంచి బయట కౌంటర్లో పెట్టించి టోకెన్ ఇచ్చారు. లోపల కంప్యూటర్లో పుస్తకం పేరు కొడితే ఉంది అని వచ్చింది, 331.481 అని ఏదో నంబరు, పక్కన 'అవైలబుల్' అని. కాగితం సంచిలో ఉండిపోయింది, నంబరు అరచేతి మీద రాసుకుని బీరువాల మధ్య నలభై నిమిషాలు తిరిగాను. లేదు. కౌంటర్లో ఇద్దరున్నారు, ఏదో మాట్లాడుకుంటున్నారు. అడగబోయి ఆగిపోయాను. చుట్టూ మా అమ్మాయి వయసు పిల్లలు, వాళ్ల మధ్య "పుస్తకం ఎలా వెతకాలండీ" అని అడగాలంటే నోరు రాలేదు. అయిదున్నరకి టోకెన్ ఇచ్చి సంచి తీసుకుని వచ్చేశాను.

ప్రాజెక్టు ఇవ్వడానికి పది వారాలుంది. గైడ్ గారు కనీసం పాతిక పుస్తకాలో వ్యాసాలో చూసి రాయమన్నారు. ఉద్యోగం చేస్తూ చదివిన వాళ్లు, మీరెలా నెట్టుకొచ్చారో చెప్పండి.

మూడో కోచ్ · శనివారం రాత్రి 11:05

ఇంకా లైబ్రరీకి ఎవరు వెళ్తున్నారండీ? నేను ఎంబీఏ మొత్తం మెట్రోలో ఫోన్ మీదే చదివేశా. గూగుల్‌లో అన్నీ ఉన్నాయి. సెలవు దండగ.

పాత కౌంటర్ · ఆదివారం ఉదయం 6:20

మూడో కోచ్ తమ్ముడూ, నీ ఎంబీఏకి నా దండం. కానీ ఆ అమ్మ అడిగింది వేరు.

అమ్మా, నేను 31 ఏళ్లు యూనివర్సిటీ లైబ్రరీలో పనిచేసి రిటైరయ్యాను. మీ 331.481 చదవగానే ఏం జరిగుంటుందో సగం అర్థమైంది. మీరు 331.5 దాటి, 331.7 కూడా దాటి ముందుకి వెళ్లిపోయి ఉంటారు, 481 పెద్ద అంకె కదా అని. అవునా కాదా? చుక్క తర్వాతది దశాంశం. 331.481 అనేది 331.4కీ 331.5కీ మధ్యలో ఉంటుంది. ఈ పొరపాటు పీహెచ్‌డీ వాళ్లు చేయగా చూశాను, ఇంజినీరింగ్ వాళ్లు చేయగా కూడా చూశాను, కాబట్టి సిగ్గుపడకండి.

ఆ నంబర్లు డ్యూయీ అనే ఆయన పెట్టిన వరస. 300లు సమాజ శాస్త్రాలు, 331 అంటే పని, కూలి, కార్మికులు, 331.4 ఆడవాళ్ల పని. అయితే మీ విషయం ఒక్క బీరువాలో దొరకదు. పనివాళ్ల మీద ఒకరు కార్మిక సమస్యగా రాస్తే 331లో పెడతారు, ఇంకొకరు ఆడవాళ్ల గురించి రాస్తే 305.4లో పెడతారు, ఇంటి నిర్వహణ అని రాస్తే ఏకంగా 640ల్లోకి, వంటల పుస్తకాల పక్కకి పోతుంది. మూడు చోట్లా చూడాలి. ఒక మంచి పుస్తకం దొరికితే దాని కుడివైపు పది, ఎడమవైపు పది తీసి విషయసూచిక చూడండి, కంప్యూటర్ చూపించనివి కూడా కనిపిస్తాయి.

'అవైలబుల్' అంటే ఎవరూ ఇంటికి తీసుకెళ్లలేదని అర్థం, అంతే. అది షెల్ఫులోనే ఉందని కాదు. ఎవరో చదివి టేబుల్ మీద వదిలేసి ఉండొచ్చు, తోపుడు బండి మీద సర్దడానికి ఎదురుచూస్తూ ఉండొచ్చు, బైండింగ్‌కి పోయి ఉండొచ్చు, లేదా మహానుభావుడెవరో చదివి తనకి తోచిన చోట పెట్టేసి ఉండొచ్చు. ఈ నాలుగోది జరిగితే ఆ పుస్తకం మళ్లీ స్టాక్ లెక్క చూసేదాకా దొరకదు. అందుకే చెబుతున్నా, చదివిన పుస్తకం మీరు షెల్ఫులో పెట్టకండి, టేబుల్ మీదే వదిలేయండి. మంచి అలవాటనుకుని అందరూ చేసే చెడ్డ పని అది.

ఇక కౌంటర్ సంగతి. వాళ్లిద్దరూ మాట్లాడుకుంటున్నారంటే ఖాళీగా ఉన్నారన్నమాట. అడగాల్సింది అప్పుడే!

బోడుప్పల్ బిడ్డ · ఆదివారం ఉదయం 8:15

సార్ మంచిగ చెప్పిండ్రు. అక్కా, నేను ఆర్టీసీలో పనిచేసుకుంట డిగ్రీ చేసిన, ఇప్పుడు పీజీ. నాకు తెలిసింది ఒకటి చెప్తా. యూనివర్సిటీకి పోయే తీరిక లేనోళ్లకి ఊళ్ల లైబ్రరీలు కూడా ఉన్నయి కదా. అఫ్జల్‌గంజ్‌ల స్టేట్ సెంట్రల్ లైబ్రరీ ఉంది, నిజాం కాలం నాటిది, 1891ల ఆసఫియా పేరు మీద మొదలైంది. మూసీ ఒడ్డున ఆ పెద్ద బిల్డింగు లోపలికి పోతే ఎండాకాలం కూడా చల్లగుంటది. పాత పేపర్లు, పాత తెలుగు ఉర్దూ పుస్తకాలు కావాల్నంటే అక్కడికే పోవాలె. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ అయితే మొత్తం గ్రూప్స్, పోలీసు జాబులకి ప్రిపేరయ్యే పిల్లలే, పొద్దున లేటయితే కుర్చీ దొరకదు, వాటర్ బాటిల్ పెట్టి సీటు ఆపుకుంటరు. పిల్లల్ని ఏమనలేం, వాళ్ల టెన్షన్ వాళ్లది. కార్మికుల మీద, ఉద్యమాల మీద అయితే బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం చూడు అక్కా, నీ టాపిక్‌కి పనికొస్తది.

మలక్‌పేట లెక్కలు · ఆదివారం ఉదయం 9:50

పాత కౌంటర్ గారూ, అచ్చం అదే చేశాను. 331.7 దాకా వెళ్లి, ఇంకా ముందుకి కూడా వెళ్లాను. రోజంతా అంకెలతో బతికేదాన్ని, దశాంశం దగ్గర బోల్తా పడ్డాను. మా అమ్మాయికి చెబితే పావుగంట నవ్వింది.

కానీ నిజంగా అడుగుతున్నా, కౌంటర్లో ఏమని అడగాలి? "సోషియాలజీ పుస్తకాలు ఎక్కడ" అంటే అదిగో అని వేలు చూపిస్తారు, మళ్లీ కథ మొదటికొస్తుంది.

పాత కౌంటర్ · ఆదివారం ఉదయం 10:30

అందుకే అలా అడగకండి. ఇళ్లల్లో పనివాళ్ల జీతాల మీద ప్రాజెక్టు చేస్తున్నాను, పది వారాల్లో ఇవ్వాలి, ఉద్యోగం వల్ల నెలకి రెండుసార్లే రాగలను, ఇది చూశాను, ఇది దొరకలేదు, అని మొత్తం చెప్పండి. అడిగిన మాటకీ కావాల్సిన పనికీ మధ్య ఎప్పుడూ తేడా ఉంటుంది. ఒకాయన వచ్చి స్టాటిస్టిక్స్ పుస్తకం కావాలన్నాడు, ఆరు ఇచ్చాను, ఆరూ వద్దన్నాడు. చివరికి తేలిందేమిటంటే ఆయనకి కావాల్సింది ఒక జిల్లా జనాభా లెక్క. సెన్సస్ హ్యాండ్‌బుక్ తీసిస్తే రెండు నిమిషాల్లో రాసుకుని వెళ్లిపోయాడు.

మా వృత్తికి పెద్దాయన రంగనాథన్ గారు 1931లో అయిదు సూత్రాలు రాశారు. నాలుగోది, చదువరి సమయం ఆదా చెయ్యి అని. మా వాళ్లు అందరూ పరీక్షలో రాసి పాసైన వాక్యమే అది. సగం రోజు జీతం వదులుకుని వచ్చినవాళ్ల కంటే ఆ సూత్రం ఎవరికి ఎక్కువ వర్తిస్తుంది? ధైర్యంగా అడగండి. విసుక్కుంటే ఇంకొకరిని అడగండి, ప్రతి లైబ్రరీలో విసుక్కునేవాళ్లు ఒకరిద్దరు ఉంటారు, ఆ పక్క సీట్లోనే ప్రాణం పెట్టి వెతికిచ్చేవాళ్లు కూడా ఉంటారు.

రాత్రి డ్యూటీ · ఆదివారం మధ్యాహ్నం 2:10

నేను హాస్పిటల్ ల్యాబ్‌లో నైట్ షిఫ్ట్, పార్ట్‌టైమ్‌లో ఎంబీఏ. ఇప్పుడే నిద్ర లేచాను. లైబ్రరీ తెరిచి ఉండే టైమ్‌లో నేను పడుకుని ఉంటాను, అందుకని ఇంటి నుంచి వాడే దారి వెతుక్కున్నాను.

యూనివర్సిటీలు డబ్బు కట్టి తెప్పించే జర్నల్స్, అంటే పరిశోధన వ్యాసాలు వేసే పత్రికలు, క్యాంపస్ వైఫైలో వాటంతట అవే తెరుచుకుంటాయి. బయటి నుంచి అయితే లాగిన్ ఉండాలి. చాలా యూనివర్సిటీలు ఇన్‌ఫ్లిబ్‌నెట్ (యూనివర్సిటీ లైబ్రరీల కోసం పెట్టిన సంస్థ) వాళ్ల ఇన్‌ఫెడ్ అనే లాగిన్ పద్ధతిలో ఇస్తాయి. జర్నల్ వెబ్‌సైట్లో 'ఇన్‌స్టిట్యూషన్ ద్వారా లాగిన్' అని ఉంటుంది, అక్కడ మీ యూనివర్సిటీ పేరు ఎంచుకుని ఐడీ, పాస్‌వర్డ్ కొడితే వ్యాసం వస్తుంది. ఐడీ మాత్రం లైబ్రరీ వాళ్లే తెరవాలి. రెగ్యులర్ పిల్లలకి ఇచ్చి మనలాంటి వాళ్ల ఊసే ఎత్తరు. నేను మెయిల్ పెడితే వారం దాకా ఉలుకూ పలుకూ లేదు. రెండో మెయిల్‌లో హాల్ టికెట్ నంబరు, ఫీజు రసీదు, ఐడీ కార్డు ఫొటో పెట్టి, మా కోర్సు వాళ్లకి రిమోట్ యాక్సెస్ ఉందా లేదా, లేకపోతే లేదని రాతపూర్వకంగా చెప్పండి అన్నాను. మూడో రోజు ఐడీ వచ్చింది.

ఇంకో ముఖ్యమైన సంగతి. 2025 జనవరి 1 నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అని కేంద్రం పథకం నడుస్తోంది. 30 పబ్లిషర్లు, దాదాపు 13,000 జర్నల్స్, మూడేళ్లకి 6,000 కోట్లు. మీది ప్రభుత్వ యూనివర్సిటీ అయితే ఈ పథకం కిందికి వస్తుందేమో లైబ్రరీలో అడగండి. మొదటి దశలో ప్రైవేటు వాటికి చోటు ఇవ్వలేదు. మా బ్యాచ్‌లో నలభై మందిమి ఉంటే ఈ పేరు విన్నవాళ్లం ముగ్గురమే. మన పన్ను డబ్బే కదండీ, అడగకపోతే ఎట్లా.

చింతపండు · ఆదివారం సాయంత్రం 4:45

రాత్రి డ్యూటీ గారు చెప్పింది నిజమే కానీ అందరికీ ఐడీ ఇవ్వరు. మా సెంటర్లో అయితే దూరవిద్య వాళ్లు కూర్చుని చదువుకోవచ్చు, పుస్తకం ఇంటికివ్వం అన్నారు. డిపాజిట్ కడతానన్నా కూడా. అదే ఫీజు, అదే డిగ్రీ, కార్డు మాత్రం సగం కార్డు! అప్పుడు నేను ఎంఏ తెలుగు చేస్తున్నా, పాప ఏడాది పిల్ల, పాపని ఒళ్లో పెట్టుకుని రీడింగ్ హాల్లో కూర్చోలేను కదా. ఫొటోలు తీసుకుందామంటే ఫోన్ లోపలికి వద్దన్నారు. జిరాక్స్ షాపుకి ఒక అధ్యాయం పంపించడానికి కూడా సంతకాలు.

మూడో కోచ్ · ఆదివారం సాయంత్రం 5:00

అందుకే చెప్పేది, ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకునే సైట్లు ఉన్నాయి, పేరు చెబితే మోడరేటర్ తీసేస్తాడు.

సగం పీహెచ్‌డీ · ఆదివారం రాత్రి 9:30

ఆ సైట్ల మీద పబ్లిషర్లు 2020లోనే ఢిల్లీ హైకోర్టుకి వెళ్లారు. ఆ గొడవ మనకెందుకు, న్యాయంగా ఉచితంగా దొరికేదే మనం చదివి తరిగేంత లేదు. నేను కాలేజీలో పాఠాలు చెబుతూ పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ చేస్తున్నా, ఆరేళ్లుగా సగంలో ఉంది, అందుకే ఈ పేరు. మేడమ్, మీ టాపిక్‌నే తీసుకుని ఇప్పుడే కూర్చుని వెతికాను, ఎలా వెతికానో చెబుతా.

గూగుల్ స్కాలర్‌లో, అంటే పరిశోధన వ్యాసాలు వెతికే గూగుల్‌లో, ఊరికే డొమెస్టిక్ వర్కర్స్ అని కొడితే ప్రపంచం మొత్తం మీద పడుతుంది, ఫిలిప్పీన్స్, గల్ఫ్, బ్రెజిల్ అన్నీ. ముందు చేయాల్సింది, ఆ రెండు మాటలకీ కలిపి కొటేషన్ గుర్తులు పెట్టడం, అప్పుడు ఆ రెండూ పక్కపక్కన ఉన్నవే వస్తాయి. తర్వాత హైదరాబాద్ అని చేర్చండి. చాలా తగ్గిపోతుంది, మరీ తగ్గితే హైదరాబాద్ తీసేసి ఇండియా పెట్టండి. ఒకే పనికి రచయితలు నాలుగైదు పేర్లు వాడతారు, డొమెస్టిక్ వర్కర్స్, డొమెస్టిక్ హెల్ప్, పెయిడ్ డొమెస్టిక్ వర్క్, హౌస్‌మెయిడ్స్ అని. ఒక్కోటి విడిగా కొట్టండి, లేదా మధ్యలో పెద్ద ఇంగ్లిష్ అక్షరాల్లో OR పెట్టి కలపండి. పనికొచ్చే వ్యాసం ఒకటి దొరికితే దాని కింద 'సైటెడ్ బై' నొక్కండి, ఆ తర్వాత దాన్ని వాడుకున్న వాళ్లందరూ వరసగా కనిపిస్తారు. 'ఆల్ వెర్షన్స్' నొక్కితే డబ్బు అడిగే వ్యాసానికే ఒక్కోసారి ఉచిత పీడీఎఫ్ ఉంటుంది. అదీ లేకపోతే రచయితకి రెండు లైన్ల మెయిల్ పెట్టండి. నాకు నలుగురిలో ముగ్గురు పంపించారు, ఒకాయన అయితే తన ప్రశ్నావళి కూడా పంపించారు.

అన్నిటికంటే మీకు పనికొచ్చేది శోధ్‌గంగ. మన దేశంలో సమర్పించిన పీహెచ్‌డీ థీసిస్‌లు అక్కడ పెడతారు, లాగిన్ అక్కర్లేదు. థీసిస్ మొత్తం ఒకే ఫైలుగా ఉండదు, అధ్యాయానికో పీడీఎఫ్. నేను ముందు తెరిచేది చివరి ఫైలు, బిబ్లియోగ్రఫీ, అంటే వాళ్లు చూసిన పుస్తకాలు, వ్యాసాల పట్టీ. ఎవరో అయిదేళ్లు కష్టపడి ఏరిన జాబితా అది. దాని నుంచి మన లైబ్రరీలో ఉన్నవి టిక్కు పెట్టుకుంటే మీ పాతికలో పదిహేను అక్కడే తేలిపోతాయి. తర్వాత రెండో అధ్యాయం, అందులో అంతకుముందు ఎవరేం రాశారో ఉంటుంది. కాపీ కొట్టడానికి కాదు, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడానికి.

పరిశోధన పద్ధతుల మీద తేలిగ్గా చదవాలంటే ఇగ్నో ఓపెన్ యూనివర్సిటీ వాళ్ల పాఠాల వెబ్‌సైట్ ఈ-జ్ఞాన్‌కోశ్‌లో ఎంఎస్ఓ-002 అనే పేపర్ పాఠాలు చూడండి, ఏ యూనివర్సిటీ వాళ్లయినా చదువుకోవచ్చు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో ఇంటి పనివాళ్ల మీద 189వ ఒప్పందం చేసింది, మన దేశం దాన్ని ఇంకా ఆమోదించలేదు. ఆ సంస్థ రిపోర్టులన్నీ ఉచితం. మీ మొదటి అధ్యాయానికి అది మంచి ఆరంభం.

రాత్రి డ్యూటీ · ఆదివారం రాత్రి 11:55

కాపీ మాట వచ్చింది కాబట్టి నా అనుభవం. మొదటి సెమిస్టర్ రిపోర్టులో నెట్ నుంచి పేరాలు తెచ్చి అతికించి, కింద వెబ్‌సైట్ పేరు రాస్తే చాలనుకున్నా. కాపీ పట్టే సాఫ్ట్‌వేర్‌లో వేస్తే 38 శాతం కాపీ అని వచ్చింది. యూనివర్సిటీలకి నియమాలు పెట్టే యూజీసీ 2018 నిబంధనల ప్రకారం 10 శాతం దాకా పర్వాలేదు, 10 దాటి 40 లోపు అయితే ఆరు నెలల్లోపు సరిదిద్ది మళ్లీ ఇవ్వాలి. ఇచ్చాను, నైట్ డ్యూటీల మధ్య. ఎక్కడి నుంచి తీసుకున్నామో చెప్పడం ఒకటి, మన మాటల్లో రాయడం ఇంకొకటి, రెండూ చేయాలని అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. చదివేటప్పుడే వాటి వివరాలు జొటెరో అనే సాఫ్ట్‌వేర్‌లో పెట్టుకోండి, ఉచితం, చివర్లో రిఫరెన్సులు అదే వరసపెట్టి ఇస్తుంది.

చింతపండు · సోమవారం ఉదయం 7:10

నాకు ఇంగ్లిష్‌లో అంత వేగంగా చదవడం రాదు, ఇది ఎవరూ బయటికి చెప్పుకోరు కానీ మనలో చాలామందికి అసలు ఇబ్బంది ఇదే. నేను ఒకటి చేసేదాన్ని. ముందు అదే అంశం మీద తెలుగు అకాడమీ పుస్తకం చదివేదాన్ని. 1968లో అకాడమీ పెట్టిందే తెలుగులో పై చదువుల పుస్తకాలు తేవడానికి. ఒకసారి తెలుగులో విషయం బుర్రకెక్కితే ఇంగ్లిష్ వ్యాసం సగం అర్థమైపోయినట్టే. అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీ తెలుగు పాఠ్యపుస్తకాలు కూడా అంతే, ఆ యూనివర్సిటీలో చదవకపోయినా పాతవి కోఠిలో సెకండ్‌హ్యాండ్‌గా దొరుకుతాయి. ఇంగ్లిష్ వ్యాసంలో ముందు సారాంశం, తర్వాత ముగింపు, నచ్చితేనే మధ్యలోకి. మొదటి లైను నుంచి డిక్షనరీ పట్టుకుని కూర్చుంటే ఆదివారం అయిపోతుంది, వంట కూడా కాదు.

బోడుప్పల్ బిడ్డ · సోమవారం ఉదయం 7:40

గీ ముచ్చట నిజం అక్కా. నేను గూడ గట్లనే.

మలక్‌పేట లెక్కలు · రెండు వారాల తర్వాత, శనివారం రాత్రి 9:15

ఎవరికైనా గుర్తున్నానా? ఈ రోజు మళ్లీ వెళ్లాను.

ముందే మెయిల్ పెట్టాను, పాత కౌంటర్ గారు చెప్పినట్టు మొత్తం కథ రాసి, కావాల్సిన తొమ్మిది పుస్తకాల పేర్లు, నంబర్లు పెట్టి. తొమ్మిదిలో ఆరు శోధ్‌గంగ జాబితా నుంచే. జవాబు రాలేదు. సరే అని అదే మెయిల్ ప్రింటు తీసుకుని కౌంటర్లో ఇచ్చాను. అక్కడున్నావిడ చూసి "మీరేనా అది పంపింది" అన్నారు, లేచి నాతో పాటు వచ్చారు. తొమ్మిదిలో అయిదు దొరికాయి. 331.481 దాని చోట్లోనే ఉంది, నేను ఆ రోజు రెండు బీరువాలు దాటి వెతికాను. ఒకటి బైండింగ్‌లో, రెండు పోయినట్టు రాసి ఉన్నాయట, ఇంకొకటి టేబుల్ మీద ఎవరో తెరిచి బోర్లించి పెట్టి ఉంది, ఆ టేబుల్ దగ్గర మనిషి టీకి వెళ్లాడు, వచ్చేదాకా ఆగాం.

పుస్తకం వెనక తేదీలు కొట్టే కాగితం ఉంటుంది కదా, ఒకదాంట్లో చివరి ముద్ర 2009. పదిహేనేళ్లు దాటింది దాన్ని ఎవరైనా ఇంటికి తీసుకెళ్లి. అందులో 1980లలో ఇంటి పనివాళ్ల జీతాల పట్టిక ఉంది, గిన్నెలకి ఇంత, బట్టలకి ఇంత అని విడివిడిగా. మా అపార్ట్‌మెంట్లో ఇప్పటికీ అదే పద్ధతి! ఆ పట్టిక చేత్తో ఎత్తి రాసుకున్నా, జిరాక్స్ వద్దనిపించింది.

చింతపండు గారూ, మాకూ సగం కార్డే, ఇంటికివ్వరు. కానీ ఆవిడ ఒక మాట చెప్పారు, దూరవిద్య విభాగం నుంచి లెటర్ తెస్తే డిపాజిట్ మీద రెండు పుస్తకాలు ఇచ్చే వీలుందట, ఎవరూ అడగరట. సోమవారం లంచ్ టైమ్‌లో లెటర్ పనికి వెళ్తా. రిమోట్ ఐడీకి ఫారం కూడా ఇచ్చారు, మన కోర్సుకి వస్తుందో రాదో వారంలో చెబుతామన్నారు. వారం అంటే రెండు వారాలని నా లెక్క.

ఇంకో మాట, వెళ్లేముందు ఆ అయిదు పుస్తకాలూ నేనే నంబర్లు చూసి, దశాంశాలు సరిచూసుకుని, ఎక్కడివి అక్కడ షెల్ఫుల్లో పెట్టి వచ్చాను. ఇప్పుడు వరస బాగా వచ్చేసింది.

పాత కౌంటర్ · శనివారం రాత్రి 9:32

అమ్మా! టేబుల్ మీద వదిలేయమన్నాను కదా.

మలక్‌పేట లెక్కలు · శనివారం రాత్రి 9:35

అయ్యో. సారీ అండీ. నాలుగు మాత్రం కరెక్టుగానే పెట్టాను, అయిదోది కొంచెం అనుమానం.